‘జ్వరం లేదు’ అన్న జవాబు కూడా లెక్కలోకి రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

వానాకాలం మొదలైందంటే మీ పత్రిక జిల్లా పేజీల్లో ఏటా ఒకే రకం వార్త కనిపిస్తుంది. ఫలానా మండలంలో ఇంటింటి జ్వర సర్వే జరుగుతోందనీ, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఇన్ని వందల మంది జ్వరపీడితులను గుర్తించారనీ, ప్రజలు ఆందోళన చెందవలసిన పనిలేదని అధికారులు చెప్పారనీ ఆ వార్త సారాంశం. ఆ వందల మంది ఎన్ని ఇళ్లను అడిగితే తేలారో, ఎన్ని ఇళ్లకు తాళాలు వేసి ఉన్నాయో, కిందటి వారం అదే ఊళ్లో ఎంతమందికి జ్వరం ఉందో అందులో ఉండదు. ఆరోగ్యశాఖలో ముప్పయి నాలుగేళ్లు ఇంటింటికీ తిరిగే ఉద్యోగమే చేసి 2018లో రిటైరైనవాణ్ని కాబట్టి, ఉన్న అంకెల కంటే ఆ లేని అంకెలే నా కంటికి ముందు కనబడతాయి.

ప్రజల ఆరోగ్యం గురించి ప్రజలనే అడిగి, వారు చెప్పిన దాన్నిబట్టి ఒక అంటువ్యాధి ఎటు పోతోందో పసిగట్టవచ్చా అంటే, పసిగట్టవచ్చనే నా అనుభవం చెబుతోంది. ల్యాబులో తేలనిది ఏదీ కేసు కాదనీ, జనం చెప్పే మాటలను లెక్కల్లో పెట్టుకోనక్కరలేదనీ అనే అధికారులను నేను చూశాను. వారితో నేను ఏకీభవించను. అయితే ఇంటింటి సర్వేల పేరుతో మనం పోగుచేస్తున్న అంకెల్లో చాలా వాటికి అర్థం లేదన్నదీ నిజమే. ఒకే సర్వేతో జనానికి మందులూ ఇవ్వాలి, వ్యాధినీ కొలవాలి అనుకోవడం దగ్గరే చిక్కు వచ్చిపడింది. వైద్యం అందించడానికి తిరిగే తిరుగుడు వేరు, కొలత కోసం అడిగే ప్రశ్న వేరు. రెండిటినీ విడదీయాలని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా, జనాన్ని అడగవలసిన అవసరం ఎందుకు వస్తుందో చెబుతాను. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం కింద మన దేశంలో మూడు రకాల ఫారాలు నడిచాయి. సబ్‌సెంటర్‌లో పనిచేసే నర్సు (ఏఎన్‌ఎం) లక్షణాలను బట్టి నింపేది ఎస్ ఫారం, డాక్టరు తన అనుమానాన్ని బట్టి నింపేది పీ ఫారం, ల్యాబులో తేలిన కేసులకు ఎల్ ఫారం. 2021 నుంచి ఇవన్నీ కొత్త ఆన్‌లైన్ వేదిక మీదికి మారాయి. ఏర్పాటు మంచిదే. కానీ ఊళ్లో ఒక మనిషికి ఒళ్లు వెచ్చబడిన రోజు నుంచి ఆ జ్వరం ఎల్ ఫారంలోకి ఎక్కే రోజు వరకూ ఏం జరుగుతుందో చూడండి. మొదటి రోజు ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేసుకుంటాడు. రెండో రోజు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సూది వేయించుకుంటాడు. అప్పటికీ తగ్గకపోతే నాలుగో రోజో ఐదో రోజో పట్నంలో ప్రైవేటు ఆస్పత్రికి పోతాడు. అక్కడ రక్తపరీక్ష రాసి, ఆ ఫలితం వచ్చి, దాన్ని ఆస్పత్రివారు ప్రభుత్వానికి పంపితే అప్పుడది ఒక కేసు అవుతుంది. ఆర్‌ఎంపీ దగ్గరే తగ్గిపోయినవారు ఏ ఫారంలోకీ రారు. వీధిలో పది ఇళ్లకు పది రోజుల నుంచి జ్వరాలు నడుస్తున్నా కాగితాల మీద ఆ వీధి చల్లగానే ఉంటుంది. అదే ఇంటి గడపలో నిలబడి అడిగితే మొదటి రోజు జ్వరం మొదటి రోజే తెలుస్తుంది. డెంగీ లాంటి జబ్బులో ఆ వారం పది రోజులు ఎంత విలువైనవో, నీటి తొట్లలో దోమ లార్వా తీయించిన ప్రతి ఆరోగ్య కార్యకర్తకూ తెలుసు.

ఇలా అడగడం మనకు కొత్త కూడా కాదు. 1960ల మధ్యనాటికి దేశంలో ఏడాదికి లక్ష కేసుల స్థాయికి దిగివచ్చిన మలేరియా మళ్లీ విజృంభించి 1976 నాటికి 64 లక్షలు దాటింది. ఆ మరుసటి ఏడాది మలేరియా నిర్మూలన కార్యక్రమాన్ని సవరించి అమలు చేశారు. పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లి జ్వరం గురించి అడగడం దానికి ఆయువుపట్టు. నేను 1984లో అప్పటి ఖమ్మం జిల్లా ఏజెన్సీ గ్రామాల్లో చేరింది ఆ పనికే. తలుపు పక్క గోడ మీద గళ్ల స్టెన్సిల్ వేసి ఉండేది. వెళ్లిన ప్రతిసారీ అందులో తేదీ వేసి పొడి సంతకం పెట్టాలి. మూడు ప్రశ్నలు అడగాలి: ఇప్పుడు ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా, నేను కిందటిసారి వచ్చి వెళ్లాక ఎవరికైనా వచ్చిందా, బయటి ఊరి నుంచి చుట్టాలెవరైనా వచ్చారా. జ్వరం ఉన్నవారి వేలు గుచ్చి గాజు పలక మీద రక్తపూత తీసి, పెద్దవారికైతే నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మన ఎదుటే మింగించి రావాలి.

చేరిన తొలి నెలల్లోనే ఒక గూడెంలో జరిగింది ఇప్పటికీ మరచిపోలేను. మండు వేసవి మధ్యాహ్నం. అరుగు మీద కూర్చున్న ముసలమ్మను ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా అని అడిగితే ఎవరికీ లేదంది. తేదీ వేసి వెళ్లబోతూ లోపలికి చూస్తే పన్నెండేళ్ల పిల్లవాడు గొంగడి కప్పుకుని ముడుచుకు పడుకుని ఉన్నాడు. వాడికేమైందని అడిగితే, “ఆడికి జరం గాదు సారూ, సలి” అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో జ్వరమంటే ఒళ్లు కాలడం. వణుకుతూ పడుకున్నవాడిది చలి. రక్తపూత తీసి పంపితే మలేరియా పాజిటివ్ వచ్చింది. ఆ తరువాత మా సీనియర్ ఒకాయన నాకు నేర్పిన ప్రశ్న వేరు. “జ్వరం ఉందా అని అడగకు. ఇవాళ పనికి పోనిదెవరు, అన్నం తిననిదెవరు అని అడుగు” అన్నాడాయన. అలా అడగడం మొదలుపెట్టాక నా పెట్టెలో రక్తపూతలు పెరిగాయి. గూడెంలో జ్వరాలు పెరగలేదు, నాకు తెలిసేవి పెరిగాయి.

ఇప్పటి సర్వే ఫారాలు తయారుచేసేవారికి ఈ సంగతి చెప్పాలని నాకు ఎంతో కాలంగా ఉంది. “జ్వర లక్షణాలు కలవా?” అని ఫారంలో రాసుకుని దాన్నే గడపలో చదివితే వచ్చే జవాబు ఫారానికే పనికొస్తుంది. జనానికి ఒళ్లు వెచ్చబడుతుంది, నలతగా ఉంటుంది, ఒళ్లు పట్టేసినట్టుంటుంది, నోటికి రుచి పోతుంది. జలుబు ఒక చోట రొంప, ఒక చోట పడిశం, ఒక చోట సర్ది. అతిసారం అంటే ఎవరికీ తెలియదు, మోషన్స్ అంటే అందరికీ తెలుసు. ప్రశ్న ఆ ఊరి మాటల్లో ఉండాలి, ఒకసారి ఖరారయ్యాక వారం వారం అదే మాటల్లో అడగాలి. అడిగే మాట మారితే జవాబు మారుతుంది. ఆ మార్పును వ్యాధి పెరిగిందనో తగ్గిందనో పొరబడతాం.

ఫారంలో ఖాళీగా వదిలేసిన ఒక గడి కూడా ఉండి తీరాలి. 2020లో కోవిడ్ తొలి రోజుల్లో మన సర్వేలు అడిగింది జ్వరం, దగ్గు, ఆయాసం గురించి. అదే కాలంలో బ్రిటన్‌లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు జో అనే సంస్థతో కలిసి మార్చి చివరి వారంలో ఒక యాప్ విడుదల చేసి, మీకు ఇవాళ ఎలా ఉందో చెప్పండి అని జనాన్నే అడిగారు. లక్షల మంది రోజూ జవాబిచ్చారు. పరీక్షలో కోవిడ్ తేలినవారిలో దాదాపు 65 శాతం మంది వాసన లేదా రుచి తెలియడం లేదన్నారు. తేలనివారిలో ఆ మాట చెప్పింది 22 శాతమే. మే 18న బ్రిటన్ ప్రభుత్వం వాసన కోల్పోవడాన్ని అధికారిక లక్షణాల్లో చేర్చింది. మన కేంద్ర ఆరోగ్యశాఖ జూన్ 13న చేర్చింది. ఊదుబత్తి వెలిగించినా వాసన రావడం లేదని మన ఊళ్లలో జనం ఒకరికొకరు ఆ వేసవిలోనే చెప్పుకున్నారు. రాసుకోవడానికి మన ఫారంలో గడి లేదు. ఆ ఏడాది డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయారు. జ్వరం, దగ్గు, విరేచనాల జాబితా పట్టుకుని తిరిగేవారికి అలాంటి ఉపద్రవం మొదటి రోజు ఎలా దొరుకుతుంది? “ఇంకేమైనా ఉందా?” అన్న ప్రశ్నా, దాని ఎదురుగా నాలుగు గీతల ఖాళీ చోటూ ఖర్చు లేని పని.

ఇక జనం నిజం ఎందుకు చెప్పరో చెబుతాను. 2022 జనవరి మూడో వారంలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే మొదలైనప్పుడు మా కాలనీకి వచ్చిన ఆశా కార్యకర్త వెంట నేను స్వచ్ఛందంగా మూడు రోజులు తిరిగాను. ఒక ఇంటి ముందు ఆ అమ్మాయి “అక్కా, ఇంట్లో ఎవరికన్నా దగ్గు గానీ జ్వరం గానీ ఉందా?” అని అడిగింది. లోపల ఎవరో తెరలు తెరలుగా దగ్గుతుండగానే గడపలో ఉన్నావిడ “అందరం మంచిగానే ఉన్నామమ్మా” అని తలుపు దగ్గరగా వేసింది. ఆశా కార్యకర్త చిన్నబుచ్చుకుని ‘లేదు’ గడిలో టిక్కు పెట్టింది. సాయంత్రం నేనొక్కణ్ని మళ్లీ వెళ్లి అడిగితే అప్పుడు చెప్పిందావిడ. 2020లో వాళ్లింట్లో ఒకరికి పాజిటివ్ రాగానే వీధి మొదట్లో వెదురు బొంగులు కట్టేశారు. గేటుకు కాగితం అంటించారు. పాడి మీద బతికే ఇల్లు. నెల దాటినా వాళ్ల పాలు పోయించుకోవడానికి ఎవరూ రాలేదు. “మళ్లీ చెప్తే మా బర్రెల్ని ఎవరు మేపుతరు సారూ?” అందావిడ. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ ఇంటికి నాలుగిళ్ల అవతల, ఏ నలతా లేని ఒకాయన తనకు జ్వరమనీ తన భార్యకు కూడా జ్వరమనీ చెప్పి రెండు మందుల కిట్లు తీసుకున్నాడు. రేపు అవసరం పడితే ఎవరిస్తారన్నది ఆయన ముందుచూపు. ఆయననూ నేను తప్పుపట్టను. అయితే ఒకే వీధిలో ఒక ఇల్లు భయంతో జ్వరం దాచింది, ఒక ఇల్లు కిట్ కోసం జ్వరం చెప్పింది. రెండూ కలిసి సాయంత్రానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో ఒక అంకె అయ్యాయి. ఆ అంకెకు ఏం పేరు పెడదాం?

ఇదే దేశంలో మశూచిని నిర్మూలించిన రోజుల్లో పద్ధతి వేరేగా ఉండేది. 1973లో మొదలైన ఇంటింటి గాలింపుల్లో కార్యకర్తలు జబ్బు సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డు చేతపట్టుకుని, ఇలాంటివారిని ఎక్కడైనా చూశారా అని సంతల్లో, బడుల్లో, ఇళ్లలో అడిగారు. అప్పటిదాకా ఏ లెక్కల్లోనూ లేని వేల కేసులు ఆ గాలింపుల్లో బయటపడ్డాయి. కేసు ఉందని సమాచారం ఇచ్చినవారికి నగదు బహుమతి ప్రకటించారు. జబ్బు తగ్గేకొద్దీ ఆ మొత్తాన్ని పెంచుతూ 1975లో వెయ్యి రూపాయలు చేశారు. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలంటే చిన్న మొత్తం కాదు. అప్పుడు నిజం చెప్పినవాడికి గౌరవం దక్కింది. 2020లో నిజం చెప్పిన ఇంటికి వెదురు బొంగులు దక్కాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సేతు యాప్‌లో కూడా మన లక్షణాల గురించి మనమే చెప్పుకునే ఏర్పాటు ఉండేది, అదీ తెలుగులోనే. కానీ విమానాశ్రయాల్లో, కార్యాలయాల గుమ్మాల్లో ఫోన్ మీద ఆ యాప్‌లో ఆకుపచ్చ రంగు చూపిస్తేనే లోపలికి రానిచ్చేసరికి, దగ్గు ఉందని నొక్కే సాహసం ఎవరు చేస్తారు? జవాబును బట్టి మనిషిని ఆపేటట్టయితే ఆ జవాబుతో జబ్బును కొలవలేం.

ఎక్కువమందిని అడిగితే ఈ తప్పులన్నీ ఒకదానికొకటి సర్దుకుపోతాయని కొందరు అంటారు. మా శాఖలోనూ ఆ నమ్మకం బలంగా ఉండేది, లక్ష ఇళ్లు అయిపోయాయంటే అదొక ఘనత. దీన్ని కాదనే ఒక స్పష్టమైన దాఖలా అమెరికా నుంచి ఉంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫేస్‌బుక్ ద్వారా 2020 ఏప్రిల్ నుంచి 2022 జూన్ వరకు ఒక కోవిడ్ సర్వే నడిపారు. వారానికి సుమారు రెండున్నర లక్షల మంది జవాబిచ్చేవారు. 2021 మే నాటికి కోవిడ్ టీకా ఒక డోసైనా వేయించుకున్న పెద్దల శాతాన్ని ఆ సర్వే 17 శాతం పాయింట్లు ఎక్కువ చేసి చూపింది. అదే సమయంలో సర్వేలు చేసే ఇప్సాస్ సంస్థ సుమారు వెయ్యి మందినే పద్ధతి ప్రకారం ఎంపిక చేసి అడిగిన సర్వే వాస్తవానికి దగ్గరగా వచ్చింది. 2021 డిసెంబరులో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన పరిశీలన ఇది. ఫేస్‌బుక్ చూసేవారు, చూసినా సర్వే నింపే ఓపిక ఉన్నవారు మిగతా జనం లాంటివారు కాకపోవడమే కారణం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. కానీ ఆ మెతుకును గరిటె అడుగుదాకా పెట్టి తీయాలని వంట చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. పైపైన గుప్పెడు మెతుకులు పట్టి చూసినా అడుగు సంగతి తెలియదు.

మన సర్వేల్లో ఆ అడుగు ఎవరు? తాళం వేసిన ఇళ్లవారు. పగటిపూట పొలం పనికో భవన నిర్మాణ పనికో పోయి చీకటి పడ్డాక వచ్చేవారు. ఆశా కార్యకర్త ఉదయం పదకొండు గంటలకు వెళితే దొరికేది ముసలివారూ, బాలింతలూ, ఉద్యోగం నుంచి రిటైరైన నా వంటివారూ. మా జిల్లాలో జనవరి నుంచి మార్చి దాకా మిరపకాయ కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. చేల గట్ల మీద పరదాలు కట్టుకుని ఉంటారు. వారికి ఇంటి నంబరు లేదు కాబట్టి ఏ సర్వే రిజిస్టరులోనూ ఉండరు. సంక్షేమ హాస్టళ్ల పిల్లలు తల్లిదండ్రుల ఇంటి లెక్కలో ఉంటారు, జ్వరం మాత్రం హాస్టల్లో వస్తుంది. దోమా, కలుషిత నీరూ ముందుగా పట్టేది వీరినే. సర్వేకు చివరిగా దొరికేదీ వీరే.

తాళాల లెక్క రాయకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 250 ఇళ్ల ఊరు అనుకుందాం. ఈ వారం 40 ఇళ్లకు తాళాలు, 210 ఇళ్లను అడిగితే 12 ఇళ్లలో జ్వరాలు ఉన్నాయి. వచ్చే వారం నాట్లు మొదలై 110 ఇళ్లకు తాళాలు, 140 ఇళ్లను అడిగితే మళ్లీ 12 ఇళ్లలో జ్వరాలు. పైకి పంపే కాగితంలో రెండు వారాలూ 12 అనే ఉంటుంది, పరిస్థితి నిలకడగా ఉందని అధికారి చెబుతాడు, మీరు వేస్తారు. నిజానికి అడిగిన ప్రతి వంద ఇళ్లలో జ్వరాలున్నవి దాదాపు ఆరు నుంచి ఎనిమిదిన్నరకు పెరిగాయి. జ్వరం లేదని చెప్పిన ఇంటిని లెక్కపెట్టకపోతే జ్వరం ఉందని చెప్పిన ఇంటికి అర్థం రాదు. ఆస్ట్రేలియాలో 2006 నుంచి ఫ్లూట్రాకింగ్ అనే సర్వే నడుస్తోంది. పేరు నమోదు చేసుకున్న పదుల వేల మందికి వారం వారం ఒక ఈమెయిల్ వస్తుంది, కిందటి వారం జ్వరం గానీ దగ్గు గానీ వచ్చిందా అని. బాగున్నవారు కూడా ‘లేదు’ అని నొక్కి పంపుతారు. ఆ సర్వే బలమంతా ఆ ‘లేదు’లలోనే ఉంది.

అడిగి తెలుసుకోలేనిదీ ఒకటుంది. దాన్ని దాచడం నాకిష్టం లేదు. 2021 మార్చిలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, టీకాల కంపెనీ భారత్ బయోటెక్ కలిసి ప్రకటించిన రక్తపరీక్షల సర్వేలో, నగరంలోని 30 వార్డుల్లో తీసిన దాదాపు తొమ్మిది వేల నమూనాల్లో 54 శాతం మందికి కోవిడ్ యాంటీబాడీలు కనిపించాయి. వారిలో నూటికి 75 మందికి తమకు అది సోకిపోయిందన్న సంగతే తెలియదు. జ్వరమే రానివారిని జ్వరం వచ్చిందా అని ఎన్నిసార్లు అడిగితే మాత్రం ఏం లాభం? కాబట్టి ఎంతమందికి సోకిందన్న లెక్కకు రక్తపరీక్షలూ, సీసీఎంబీ 2020లో హైదరాబాద్ మురుగునీటితో చేసినటువంటి పరిశీలనలూ కావాలి. జనాన్ని అడిగే సర్వే చెప్పేది, పోయిన వారం కంటే ఈ వారం పెరుగుతోందా తగ్గుతోందా, ఎటు వైపు పెరుగుతోంది అన్నది. ఒక ఊరిని మరో ఊరితో పోల్చడానికి కూడా ఇది అంతగా పనికిరాదు. అమర్త్య సేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ సంగతే రాశారు: దేశంలో ఎక్కువ ఆయుర్దాయం ఉన్న కేరళలోనే జబ్బు పడ్డామని చెప్పుకునేవారు ఎక్కువ, ఆయుర్దాయం తక్కువగా ఉన్న బిహార్‌లో చెప్పుకునేవారు తక్కువ. చదువూ, వైద్యమూ అందుబాటులో ఉన్నచోట మనిషి తన నలతను నలతగా గుర్తిస్తాడు. అందువల్ల ఒక మండలంలో జ్వరాలు ఎక్కువ చెప్పారని అక్కడి సిబ్బందిని నిలదీయడం అన్యాయం. నిజం రాసినవారే దొరికిపోతారు.

నిజం రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక చోట పనిచేసినప్పుడు నెలవారీ సమీక్షలో జ్వరాలు ఎక్కువ చూపిన సబ్‌సెంటర్లను లేపి నిలబెట్టేవారు. మూడో నెలకల్లా అన్ని సబ్‌సెంటర్ల నుంచీ ‘నిల్’ అని రావడం మొదలైంది. ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, వర్షం వచ్చి వాగు పొంగిన రోజు కూడా ఇరవై ఇళ్లు తిరిగినట్టు రాసిన రిజిస్టర్లు నా ముందుకు వచ్చాయి. సూపర్‌వైజర్‌గా వాటి కింద సంతకాలు పెట్టినవాణ్ని నేనే. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

నేను కోరేది పెద్ద ఏర్పాటు కాదు. జ్వరాలు ప్రబలిన చోట ఇల్లిల్లూ తిరిగి మందులివ్వడం, రక్తపరీక్షలు చేయడం, తొట్లు కడిగించడం ఇప్పటిలాగే సాగాలి, అది వైద్యం. కొలత కోసం మాత్రం ప్రతి పీహెచ్‌సీ పరిధిలో చీటీలు తీసి ఒక వంద ఇళ్లు ఎంచాలి. హాస్టళ్లు, కూలీల గుడిసెలు కూడా ఆ చీటీల్లో ఉండాలి. ఒక్కో ఆశా కార్యకర్తకు వారానికి మూడు నాలుగు ఇళ్లకు మించి రావు. ఇప్పటికే మోయలేనన్ని రిజిస్టర్లు మోస్తున్న ఆమెకు ఆ పనికి విడిగా పారితోషికం ఇవ్వాలి. అవే ఇళ్లను మూడు నెలలపాటు వారం వారం, పని నుంచి తిరిగివచ్చే సాయంత్రం వేళ, లేదంటే ఫోన్ చేసి, అవే మాటలతో అడగాలి. తాళం ఉంటే తాళం అని రాయాలి, మరునాడు మళ్లీ వెళ్లాలి. ఈ సర్వేలో కిట్లు ఇవ్వకూడదు, గేటుకు కాగితాలు అంటించకూడదు, ఇంటివారి పేరు పీహెచ్‌సీ దాటి పోకూడదు. చికిత్స కావలసినవారిని ఏఎన్‌ఎం విడిగా చూసుకుంటుంది. ఒక్క పీహెచ్‌సీలో ఒకటి రెండు జ్వరాల హెచ్చుతగ్గులకు అర్థం ఉండదు కాబట్టి జిల్లా మొత్తం కలిపి చూడాలి. జిల్లా లెక్క రెండు వారాలు వరుసగా పైకి కదిలిందంటే, ల్యాబు ఫలితాల కోసం ఎదురుచూడకుండా బృందాలను పంపడానికి అది చాలు. ఆ లెక్కను ప్రతి సోమవారం పంచాయతీ నోటీసు బోర్డు మీద కూడా పెట్టాలి. చెప్పిన జవాబు ఏమైందో జనానికి తెలిస్తే పై వారం తలుపు తీస్తారు.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. ఫలానా మండలంలో ఇన్ని వందల మందికి జ్వరం అన్న వార్త మీ విలేకరి చేతికి వచ్చినప్పుడు, ఆ అధికారిని మరో మూడు ప్రశ్నలు అడగమనండి. ఎన్ని ఇళ్లను అడిగారు? ఎన్ని ఇళ్లకు తాళాలు ఉన్నాయి? కిందటి వారం ఇదే లెక్క ఎంత? ఆ మూడు అంకెలూ శీర్షిక కింద మొదటి పేరాలోనే వేయండి. అవి వెంటనే దొరక్కపోతే ఆ వార్తను ఆపి మర్నాడు వేసినా మా వంటి పాఠకులకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
ఖమ్మం జిల్లా